ఒక నూలు సందు

నాకు కోపం కుడి మణికట్టులో పుడుతుంది. ముందు అక్కడ సన్నగా బిగుసుకుంటుంది. తరవాత మోచేతి దాకా పాకుతుంది. తలలోకి చాలా ఆలస్యంగా వస్తుంది. అది వచ్చేసరికి ఉలి చెక్కలోకి లోతుగా దిగిపోయి ఉంటుంది. ఈ సంగతి నేను రెండువేల మూడు ఎండాకాలంలో కనిపెట్టాను. ఆ ఎండాకాలం మా నాన్న పేరు మీద ఎనిమిది తలుపులు చేశాను.

భవానీపురంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. నాన్న పేరు నాగభూషణం, కానీ పేటలో అందరికీ ఆచారి గారే. చట్రం కట్టి మధ్యలో పలక కూర్చిన తలుపు కావాలంటే ఆచారి గారి దగ్గరికే వెళ్ళమనేవారు. అయితే ఆ ముందు చలికాలం నుంచీ ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలికేవి. ఉలి పట్టుకుంటే గీత దాటేది. ఆ సంగతి తెలిసింది ముగ్గురికే: ఆయనకి, అమ్మకి, నాకు. ముగ్గురం దాని గురించి ఒక్కసారీ మాట్లాడుకోలేదు. ఒకరోజు ఆయన ఉలి తెచ్చి నా ముందు పెట్టి, "తులసీ, ఈ బెజ్జం కాస్త శుభ్రం చెయ్యి" అన్నాడు. అంతే. మా ఒప్పందమంతా ఆ ఒక్క వాక్యమే. చిన్నప్పటి నుంచీ ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్న పనిని ఇరవై తొమ్మిదో ఏట, తలుపు దగ్గరగా వేసుకుని, దొంగతనంలా మొదలుపెట్టాను.

వెంకటకృష్ణారావు గారు ఏప్రిల్ చివర్లో వచ్చాడు. కరెంటు ఇంజనీరుగా రిటైరై, మా వీధికి పది నిమిషాల నడకలో కొత్త ఇల్లు కట్టుకున్నాడు.

"మా అమ్మ జాడీల కోసమండీ ఆచారి గారూ," అన్నాడు షెడ్డు గుమ్మంలో నిలబడి. "మైలవరంలో తోట ఉంది కదా, కాయలొచ్చాయంటే ఆవిణ్ణి ఆపలేం. ఏటా పది జాడీల ఆవకాయ. తినేది నలుగురం. చెప్తే వినదు. డైనింగ్ హాల్లో గోడ పొడుగునా అలమర కావాలి, ఎనిమిది తలుపులు. టేకు నేనే పంపిస్తా. ప్లైవుడ్డు మాట ఎత్తొద్దు."

"ఎత్తనండి," అన్నాడు నాన్న.

అప్పుడతను లోపలికి తొంగి చూశాడు. నేను బల్ల దగ్గర చిత్రిక పడుతున్నాను. జుట్టులో, కనుబొమ్మల మీద చెక్క పొట్టు. నాన్న తాపీగా వచ్చి నా చేతిలోంచి చిత్రిక తీసుకుని బల్ల మీద పెట్టాడు.

"మా అమ్మాయండి. షెడ్డు ఊడుస్తుంది."

మూలనున్న చీపురు తీసుకున్నాను. నిజంగానే ఊడ్చాను. అతను వెళ్ళాక కూడా ఊడుస్తూనే ఉన్నాను.

ఆ రోజు తొలిచిన మొదటి బెజ్జం పాడైంది. ఉలి రెండు నూళ్ళు ఎక్కువ దిగింది. మా లెక్కలో నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. స్టూలు మీద కూర్చుని చూస్తున్న నాన్న, "కోపంలో ఉలి పట్టకూడదే," అన్నాడు.

"ఎవరి మీద కోపం?"

"నాకేం తెలుసు."

"నీకే తెలుసు."

ఆయన లేచి మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళిపోయాడు. సాయంత్రం అమ్మ నాకు మజ్జిగ తెచ్చిచ్చి, గొంతు తగ్గించి, "ఆయన పేరు నీ పేరు కాదా ఏంటే?" అంది. అమ్మ మంచి ఉద్దేశంతోనే అంది. మంచి ఉద్దేశంతో అన్నవాటికి తిరిగి జవాబు చెప్పలేం, అందుకే అవి ఎక్కువ కాలం లోపల ఉండిపోతాయి.

మే నెలంతా వడగాలి. రేకుల కింద మధ్యాహ్నం నిలబడితే ఇనుప సామాన్లు చేతికి కాలేవి. నేను మాత్రం ఆ తలుపులు చేసిన ఇరవై రోజులూ బతికాను. నిలువు కర్రలు, అడ్డ కర్రలు కోసి చిత్రిక పట్టడం. అడ్డ కర్ర కొసన నాలుకలా కుసి చెక్కడం, నిలువు కర్రలో దానికి సరిపడా బెజ్జం తొలవడం. లోపలి అంచుల పొడుగునా గాడి తీయడం. ఆ గాడిలో పలక కూర్చుంటుంది. కూర్చుంటుందంతే, దాన్ని అతికించం. మేకు కొట్టం. నాకు పన్నెండేళ్ళప్పుడు నాన్న చెప్పిన మాట ఇది: "వానాకాలం చెక్క నీళ్ళు తాగి కడుపుబ్బుతుందే. ఎండాకాలం చిక్కిపోతుంది. చచ్చిన చెట్టే కానీ ఆకలి చావలేదు దానికి. అటో నూలు, ఇటో నూలు సందు వదులు. దాని బతుకు అది బతుకుతుంది."

అతుకుల్లోనూ నేను జిగురు వాడలేదు. బెజ్జంలో కుసి దూర్చి, అడ్డంగా వెదురు చీల దిగ్గొడతాం. ఆ పద్ధతీ ఆయనదే. తలుపు పూర్తయ్యాక నిలబెట్టి అరచేత్తో ఒకసారి తట్టాలి. లోపల పలక సన్నగా కదిలి చప్పుడవ్వాలి. చప్పుడు లేకపోతే విప్పి మళ్ళీ చెయ్యాలి. నేను తట్టిన ప్రతిసారీ నాన్న స్టూలు మీద కళ్ళు మూసుకుని వినేవాడు. ఎనిమిదో తలుపు తట్టినప్పుడు కళ్ళు తెరవకుండానే, "నాకంటే బాగా వచ్చాయి," అన్నాడు. షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం. ఆ మాటకి వేరే సాక్షి లేదు.

బిగించే రోజు సంచి మోయడానికి వెళ్ళాను. అంటే తలుపులు నేనే ఎక్కించాను, బందులు నేనే కొట్టాను. నాన్న పక్కన నిలబడి "ఊఁ, కొంచెం పైకి" అంటూ ఉన్నాడు. చూసేవాళ్ళకి మేస్త్రీ, కూలి.

రావు గారి తల్లి బుల్లెమ్మ గారు ఎనభై దాటిన మనిషి. కారం అంటిన చేతిని చీర చెంగుకి తుడుచుకుని వచ్చి, ఒక పలక మీద అరచెయ్యి ఆనించి నెమ్మదిగా కిందికి జార్చింది.

"నున్నగా చంటిపిల్ల వీపులా ఉందయ్యా ఆచారీ. ఎన్నాళ్ళు పట్టింది?"

"ఇరవై రోజులండి."

"ఒక్కడివే?"

"ఒక్కణ్ణేనండి."

నా నోట్లో మూడు మరలు ఉన్నాయి, పళ్ళ మధ్య పట్టుకుని. వాటిని కొరికాను.

అప్పుడు రావు గారు వచ్చి ఒక తలుపు తెరిచి మూశాడు. మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశాడు. చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"ఇదేంటండీ, గలగలమంటోంది?"

"అది అలాగే ఉండాలండి," అన్నాడు నాన్న. చెప్పాడు, చెప్పలేదని అనను.

"అలాగే ఎందుకుండాలి? ముప్పై ఏళ్ళు టర్బైన్ల పక్కన పనిచేశా. కదిలేదేదైనా లూజేనండీ. లూజున్నది ఇవాళ కాకపోతే రేపు ఊడుద్ది. టైట్ చెయ్యండి."

"చెక్క ఇనుము కాదండీ," అన్నాను నేను. మరలు చేతిలోకి ఊసుకుని. "వానల్లో పొంగుతుంది. చోటు లేకపోతే చట్రాన్ని తోసేస్తుంది."

అతను నావైపు చూడలేదు. నాన్న వైపు చూసి నవ్వాడు.

"ఏంటండీ, మీ అమ్మాయి కూడా ఇంజనీరా?"

నాన్న కూడా నవ్వాడు.

ఆ నవ్వుని నేను తరవాత చాలాసార్లు విప్పి చూశాను. అందులో భయం ఉంది, మర్యాద ఉంది, మే నెల మధ్యాహ్నపు అలసట ఉంది. అవన్నీ తీసి పక్కన పెట్టాక కూడా అడుగున ఏదో మిగిలేది. నేను మాట్లాడినందుకు ఆయన సిగ్గుపడ్డాడు. అది.

"అమ్మాయ్, లోపల ఫ్రిజ్‌లో నీళ్ళున్నాయి, మీ నాన్నగారికి తెచ్చివ్వు," అన్నాడు రావు గారు. తెచ్చిచ్చాను. నాన్న ఎడమచేత్తో తాగాడు.

మర్నాడు పొద్దున్నే నాన్న ఒక్కడే రావు గారింటికి వెళ్ళాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి అన్నానికి కూర్చున్నప్పుడు ఆయన గోళ్ళ చుట్టూ తెల్లటి పొర ఎండిపోయి కనిపించింది. షెడ్డులోకి వెళ్ళి చూశాను. జిగురు డబ్బా సగమైంది. టేకు పేళ్ళ కట్ట విప్పి ఉంది. తలుపులు దించి, వెనక వైపు నుంచి సందుల్లో జిగురు పోసి, పేళ్ళు కూరి ఉంటాడు. దానికి చెయ్యి వణికినా ఫరవాలేదు.

తిరిగొచ్చి కంచం ముందు నిలబడ్డాను.

"ఎనిమిదీనా?"

ఆయన ముద్ద కలుపుతూ, "చప్పుడు ఆగాలన్నాడు. ఆపాను," అన్నాడు.

"వానలొస్తే?"

"వచ్చినప్పుడు చూద్దాం."

"నువ్వే కదా నాన్నా చెప్పింది, చోటివ్వాలని?"

"ఆయన ఇల్లే. ఆయన టేకు. నీకెందుకే అంత బాధ?"

'చేసింది నేను కనక' అనాలి. అనలేదు. ఆ రోజుకి అలమర చేసిన మనిషి ఆయనే. చెడగొట్టే హక్కు కూడా ఆయనదే అయింది. నా దగ్గర ఏ హక్కూ లేదని తెలిసిన క్షణం మణికట్టు బిగుసుకుంది. అన్నం తినలేకపోయాను. ముద్ద పట్టుకోవడానికి వేళ్ళు వంగలేదు.

జూన్ నెలంతా ఆకాశం చూశాను. ఊళ్ళలో రైతులు చూస్తున్నారని పేపర్లో రాసేవారు. వాళ్ళు ఎందుకు చూస్తున్నారో వాళ్ళకి తెలుసు. నేను నా చేతిపని పగలాలని చూశాను. పది నిమిషాల నడక. వెళ్ళి ఆ పెద్దావిడతో, "అమ్మా, ఆ పేళ్ళు లాగేయించండి, జిగురు ఇంకా గట్టిపడి ఉండదు," అనొచ్చు. మొదటి వారంలో అనుంటే సరిపోయేది. ప్రతి పొద్దునా చెప్పులు తొడుక్కునేదాన్ని. ప్రతి పొద్దునా విడిచేసేదాన్ని. అది నిస్సహాయత అని అప్పుడనుకున్నాను. కాదు. అది పంతం. రుచిగా ఉండేది.

జులై రెండో సగంలో ముసురు పట్టింది. కృష్ణ మీద నుంచి తడిగాలి. షెడ్డులో చెక్కలన్నీ బరువెక్కాయి. ఇరవై రోజుల తరవాత రావు గారి డ్రైవరు వచ్చి, "ఆచారి గారు అర్జెంటుగా రావాలంట," అన్నాడు.

నాన్న నన్ను రమ్మనలేదు. సంచి మోయాలి కనక వెళ్ళాను.

తలుపులు పొంగి అలమర చట్రంలో ఇరుక్కుపోయాయి. ఎనిమిదింటిలో రెండే తెరుచుకుంటున్నాయి. అతుకుల దగ్గర నిలువు కర్ర, అడ్డ కర్ర విడిపోయి వేలు పట్టేంత సందు. ఒక తలుపుకి నిలువు కర్ర ఒకవైపు వేలాడుతోంది. బుల్లెమ్మ గారు కుర్చీలో కూర్చుని ఉంది. కుడి మణికట్టుకి తెల్లటి కట్టు. ముందు రోజు ఆవకాయ తీసుకుందామని ఆ తలుపు రెండు చేతులతో లాగిందట. కర్ర ఊడి చేతికొచ్చింది. ఆవిడ వెనక్కి పడింది.

నేను ఆ కట్టునే చూస్తూ నిలబడ్డాను.

"ఇదాండీ మీ పనితనం?" రావు గారు అరుస్తున్నాడు. "అతుకులన్నీ నోళ్ళు తెరిచాయి! మా అమ్మ నడుం విరిగుంటే ఎవరండీ దిక్కు?"

నాన్న దగ్గరికెళ్ళి వంగి చూశాడు. అతుకుని చూశాడు. ఆ పక్కనే ఉన్న పలకని చూడలేదు. కావాలనే చూడలేదు. ఆయన చూపు ఎక్కడ ఆగాలో నాకు తెలుసు, ఆ చూపు దగ్గరే నేను పని నేర్చుకున్నాను.

"ఆ అతుకులు నేను వెయ్యలేదండీ," అన్నాడు నెమ్మదిగా. "ఈమధ్య నా చెయ్యి బాగుండట్లేదు. మా అమ్మాయి వేసింది. దానికి అనుభవం లేదు."

అని, రుజువు చూపిస్తున్నట్టు, వణుకుతున్న కుడిచెయ్యి ముందుకు చాపాడు. ఎనిమిది నెలలుగా అమ్మ ముందు కూడా పంచె మడతలో దాచుకున్న చెయ్యి.

"ఆడపిల్ల చేత చేయించి మీ పేరు చెప్పారా?" అన్నాడు రావు గారు.

మణికట్టు బిగుసుకుంటుందని ఎదురుచూశాను. బిగుసుకోలేదు. వదులైంది. సంచి కింద పెట్టి, అందులోంచి సుత్తి, చీలలు తీసే ముల్లు బయటికి తీశాను. వేలాడుతున్న తలుపు దించి నేల మీద బోర్లా పెట్టాను.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?"

"విప్పుతున్నానండి. మీరూ చూడండి."

విరక్కుండా మిగిలిన చీలలు కొట్టేశాను. నిలువు కర్రని సుత్తితో రెండు దెబ్బలు వేసి లాగితే, పలక అంచుని తోలులా చీల్చుకుని ఊడొచ్చింది. దాన్ని తిప్పి వెలుతురులో పట్టుకున్నాను.

"ఇది నేను వేసిన అతుకు. ఇందులో జిగురుందా? లేదు. చీలలే ఉన్నాయి. ఇది గాడి. ఇందులో ఏముందో చూడండి."

గాడి పొడుగునా తెల్లగా గడ్డకట్టిన జిగురు, అందులో కూరిన పేళ్ళు. రావు గారు కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. గోటితో గీకాడు. ఇంజనీరు కనక అర్థమైంది. అర్థమైనట్టు కనిపించకుండా ఉండటానికి కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"అతుకు దానంతటది ఊడలేదండీ. పలక దాన్ని తోసింది. కదలకూడదని మీరన్నారు కదా. కదలకుండా చేశారు."

"ఎవరు చేశారే?" అంది బుల్లెమ్మ గారు కుర్చీలోంచి.

నేను నాన్న వైపు చూశాను. ఆయనకి వ్యవధి ఇచ్చాను. ఎంతసేపో నాకు తెలియదు. ఫ్రిజ్ మోత ఆగి, మళ్ళీ మొదలైంది. ఆయన చాపిన చెయ్యి ఇంకా వెనక్కి తీసుకోలేదు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో మరిచిపోయినట్టున్నాడు.

"మా నాన్న," అన్నాను. "నేను వద్దన్నాక."

బుల్లెమ్మ గారు కొడుకుతో, "నువ్వు చెప్పావు, ఆయన చేశాడు. ఇంక అరిచి ప్రయోజనమేంట్రా," అంది. నావైపు తిరిగి కట్టు కట్టిన చెయ్యి కొంచెం పైకెత్తింది.

"మరి ఇలా అవుద్దని నీకు ముందే తెలుసుగా?"

"తెలుసండి."

"తెలిసి రెండు నెలలు ఇంట్లో కూర్చున్నావా?"

అందరికీ జవాబు సిద్ధం చేసుకుని వెళ్ళాను, ఆవిడకి తప్ప. నాన్న మీద కోపం నిజం. ఆ కోపాన్ని మోయడానికి ఆవిడ మణికట్టుని వాడుకున్నదీ నిజం.

"నేనే బాగుచేస్తాను," అన్నాను. "కానీ షెడ్డులో కాదు. మీ వరండాలో. గేటు తెరిచి ఉంచండి."

రావు గారు ఏదో అనబోయాడు. "ఉంచుతాంలే," అంది ఆవిడ.

తొమ్మిది రోజులు పట్టింది. పలకల అంచులు కోసి, గాడుల్లో జిగురు గీకి, కొత్త చీలలు కొట్టాను. చెక్క అప్పటికే పొంగి ఉంది కనక ఈసారి సందు తక్కువ చాలు. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూసేవారు. కూరగాయల బండివాడు, "ఏవమ్మా, మగాళ్ళు లేరా ఇంట్లో?" అన్నాడు. "ఉన్నారు, పడుకున్నారు," అన్నాను. నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నాన్న రోజూ వచ్చేవాడు. సంచి ఎడమచేత్తో ఆయనే మోసుకొచ్చి, మెట్టు మీద నాకు వీపు పెట్టి కూర్చునేవాడు. నేను రమ్మనలేదు, పొమ్మనలేదు. తట్టినప్పుడల్లా ఆ వీపు కొంచెం నిటారయ్యేది. నేను ఆయన్ని ఎలా ఉందని అడగలేదు. అడిగితే కళ్ళు మూసుకుని చెప్పేవాడే. అడగకపోవడం నా చేతిలో ఉన్న ఒకే ఒక్క శిక్ష.

చివరిరోజు తలుపులు ఎక్కించాక రావు గారు వచ్చి ఒకదాన్ని తెరిచి మూశాడు. పలక సన్నగా చప్పుడు చేసింది. మళ్ళీ మూశాడు. వార్తలు చూడ్డానికి వెళ్ళిపోయాడు. బుల్లెమ్మ గారు ఎడమచేత్తో జాడీ మూత తీసి, ఆకులో ఆవకాయ కట్టి ఇచ్చింది. నాన్నకి కాదు, నాకు.

ఇంట్లో ఆ తరవాత ఏదీ మునుపటిలా లేదు. అమ్మ మా ఇద్దరికీ వేరువేరుగా వడ్డించేది. షెడ్డు తలుపు మాత్రం తెరిచే ఉండేది. పేటంతా తెలిసిపోయింది కనక మూసి ప్రయోజనం లేదు. పని రావడం ఆగిపోయింది. నెల గడిచింది. దసరా ముందు ఒకాయన సైకిలు దిగి వీధి గుమ్మంలో నిలబడ్డాడు. నేను షెడ్డులో ఉలి నూరుకుంటున్నాను. నాన్న అరుగు మీద ఉన్నాడు. మాటలు వినిపించాయి.

"ఆచారి గారంటే మీరేనాండీ? వంటింటి అలమరకి తలుపులు చేయించాలి."

నూరడం ఆపాను.

"చేసే మనిషి లోపలుంది," అన్నాడు నాన్న. "వెళ్ళి మాట్లాడుకోండి."

మా అమ్మాయి అనలేదు. పేరు చెప్పలేదు. చేసే మనిషి. ఆ రెండు మాటల్ని కూడా అటూ ఇటూ తిప్పి చూశాను, మామూలుగా నేను చూసేటట్టే. చాలలేదు. రెండువేల మూడు మే నెలకి అవి చాలవు, ఆ పెద్దావిడ చేతికట్టుకి అసలే చాలవు.

ఉలి కింద పెట్టి, చేతులు దులుపుకుని, కొలత తీసుకోవడానికి బయటికి వెళ్ళాను.